నీలం పాటలో నాలుగో ముక్క

మెట్ల కింది గది,
మార్చి, మొదటి ఆదివారం

చిన్నదానా,

క్షేమమా అని అడగను. నువ్వు క్షేమంగానే ఉన్నావని రేడియోలో కూడా చెబుతున్నారట. రాస్తున్నది మా పైవాటాలో ఉండే నర్సు. అక్షరాలు ఆ పిల్లవి, మాటలు నావి. ఒక్క మాట కూడా మెత్తబరచకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను.

నిన్న ఈ పిల్ల డ్యూటీ నుంచి వచ్చి, "పెద్దమ్మా, ఈ పాటలు వినండి, భలే తమాషాగా ఉన్నాయి" అంటూ ఫోను నా చెవి దగ్గర పెట్టింది. ఎవరో నలుగురు కుర్రకారట. ఒకత్తె గిటారు, ఒకడు ఇనప బకెట్ మీద దరువు, ఒకడు సైకిల్ గంట, ఇంకో పొడుగాటి పిల్ల బాకా. 'తడి చెప్పులు' అని పేరు పెట్టుకున్నారట. ఆ పేరు వినగానే ఫోను గట్టిగా చెవికి ఆనించుకున్నాను. మనం రంగుల షెడ్డులో పన్నెండేళ్ళు తిరిగింది తడి చెప్పులతోనే కదా.

తర్వాత పాటలు మొదలయ్యాయి. మొత్తం పంతొమ్మిది. నేను దగ్గి గొంతు సవరించుకునేలోపు ఒకటి అయిపోతోంది. "ఇంత పొట్టి పాటలు ఎందుకు కట్టారో అని జనం తెగ ఆలోచిస్తున్నారు పెద్దమ్మా, ఇది కొత్త ఫ్యాషనట" అంటోంది ఈ పిల్ల. ఫ్యాషనూ లేదు, పాడూ లేదు. ఎర్రనూలు తొట్టిలో ఎంతసేపు మునగాలో ఎర్రపాట అంతసేపు. పసుపు తొందరగా పడుతుంది కాబట్టి పసుపుపాట తుమ్మినంతసేపు. ఆవిరికి గోడ గడియారం అద్దం మసకబారి ఎవరికీ టైము కనపడకపోతే, ఒక్కో రంగుకి ఒక్కో పాట కట్టిందెవరు? చెప్పులేసుకున్న పిల్లి పాట ఎవరిది? ఆవలించిన బాయిలరు పాట ఎవరిది? నాది. పంతొమ్మిదీ నావే. ఈ పిల్ల ఫోనులోనే ఆ పాటల రికార్డు అట్ట మీదున్నది చదివింది: "మా అమ్మమ్మ తొట్టి పాటలు."

అమ్మమ్మట! పాడుతున్న ఆ గిటారు పిల్ల నీ మనవరాలేనట, నువ్వు పిచ్చుకా పిచ్చుకా అని మోసుకు తిరిగినదే. అంటే ఆ అమ్మమ్మవి నువ్వు. నేను మట్టిలో కలిసిపోయాననుకున్నావా? నా తలలోంచి పుట్టినవాటిని నీ గొంతులో పెట్టుకుని నీ పిల్లలని చెప్పుకుంటావా? అట్ట మీద నా పేరు పడాలి. పడేవరకు నేను ఊరుకోను. ఈ పిల్ల "కాస్త నెమ్మదిగా రాద్దామా" అంటోంది. ఒట్టు సంగతి గుర్తుచేశాను.

నీ అక్క

*

మూడో అంతస్తు, కిటికీ పక్క,
మార్చి 19

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఆరేళ్ళ కిందట మీ మరిది పోయినప్పుడు కూడా నాలుగు ముక్కలు రాయించలేదు నువ్వు. పాటల కోసం రెండు పేజీలు నింపావు. పోనీలే, ఏదో వంకన గుర్తొచ్చాను.

కట్టింది నువ్వు కాదని నేనెప్పుడైనా అన్నానా? పిచ్చుక చిన్నప్పుడు అన్నం తినకపోతే పాడేదాన్ని. పోయిన ఏడు తన స్నేహితుల్ని తీసుకొచ్చి "అమ్మమ్మా, ఆ పిల్లి పాట పాడు" అంది. పాడాను. మూలపడిన ఒక కారు షెడ్డులో బకెట్లూ గంటలూ పెట్టుకుని వాళ్ళే ఏదో చేసుకున్నారు. నాకు తెలిసింది ఇంతే.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. షెడ్డు గేటు దాటిన రోజు నువ్వేమన్నావు? "ఈ పాటలు ఇక్కడే చచ్చాయి, మళ్ళీ నా ముందు ఎవరూ ఎత్తొద్దు" అన్నావు. నలభై ఒక్క ఏళ్ళు నోరు విప్పలేదు. నేను పాడబట్టే కదా బతికాయి? కట్టినవాళ్ళు గొప్పే, కాదనను. కానీ నీ గొంతుతో పాడితే నూలు కూడా తొట్టిలోంచి లేచి పారిపోయేదని నువ్వే నవ్వేదానివి.

నీ ఉత్తరం పిచ్చుకకి చదివి వినిపించాను. కొంచెం ఖంగుతింది. జూన్‌లో ఈ పాటల రికార్డు మళ్ళీ అచ్చేస్తున్నారట, అట్ట కూడా కొత్తదే. "పెద్దమ్మమ్మే కట్టిందని తెలిస్తే తప్పకుండా వేస్తాం. కానీ మిగతా ముగ్గురికీ ఏం చూపించను అమ్మమ్మా? ఎక్కడైనా రాసి ఉందా?" అంది. ఏం చెప్పను? నీకు రాయడం రాదు, అప్పట్లో నాకూ రాదు. మీ మరిది నేర్పాక కదా నేను నేర్చుకుంది.

ఇంకో సంగతి. అన్నిటిలోకీ జనం నీలం పాటని ఎక్కువ మెచ్చుకుంటున్నారట. నీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను.

చెల్లెలు

*

మెట్ల కింది గది,
ఏప్రిల్, రెండో ఆదివారం

చిన్నదానా,

సంతోషమట! నా కడుపు ఎలా మండుతోందో ఈ నర్సు పిల్లనడుగు, పొద్దున్నించి మూడు గ్లాసుల నీళ్ళు తాగాను.

నీ గొంతు సంగతి ఎత్తావు కాబట్టి నేనూ ఎత్తుతాను. నాకు నీ గొంతంటే ఎప్పుడూ మంటే. దాచుకోవడం ఎందుకు? పాట కట్టి నేను చెబితే ఆడవాళ్ళు "ఊ" అనేవాళ్ళు. అదే పాట నువ్వెత్తితే షెడ్డు షెడ్డంతా పని మానేసి నిలబడేది. ఆఖరికి ఆ తూకాల గుమాస్తా, మూటలు తూచి చీటీ రాసుకుని పోవాల్సినవాడు, ఆరుబయలు తలుపు దగ్గర కాటా వదిలేసి మరీ నిలబడేవాడు. చివరికి నిన్నే కట్టుకున్నాడు. మా అక్క కట్టిందని ఒక్కనాడైనా అతనితో అన్నావా? అనలేదు. నాకు తెలుసు.

సరే. రాసి ఉందా అని అడిగిందా మనవరాలు? రాసి లేదు. కానీ అంతకంటే గట్టిది ఉంది. నీలం పాటే నా సాక్షి. ఎందుకంటే మీరు పాడేది తప్పు.

నీలం పాట నాలుగు ముక్కలు. రాయమ్మా, విడివిడిగా రాయి:

నీలి తొట్టి నిండిపోయె
మీసమొకటి మునిగిపోయె
చెల్లి గొంతు గంట మోత
చెల్లి బుర్ర గాలి మూట — ఎత్తు!

మీసం సూపర్‌వైజరుది. గొంతూ బుర్రా నీవి. మీ పాటలో ఏముంది? నిండిపోయె, మునిగిపోయె, గంట మోత, ఎత్తు! నాలుగో ముక్క మాయం. ఈ పిల్ల చేత ఏడు సార్లు పెట్టించి విన్నాను. గంట మోత మాత్రం భద్రంగా ఉంచుకుని గాలి మూటని వదిలేశావు. నీ తెలివి అమోఘం. వయసుకి మరుపొచ్చిందనుకోవడానికి కూడా లేదు, పొగడ్త మరవకుండా తిట్టు మాత్రమే మరిచే మరుపు నేనెక్కడా చూడలేదు.

అది చాలక నేను మూడు చుట్లు పెట్టిన పాటని మీరు నాలుగు చుట్లు తిప్పారు. ఎందుకు తిప్పారో ఎవరికైనా తెలుసా? తెలియదు. కట్టినదాన్ని నేను, నాకు తెలుసు ఏ ముక్క ఎందుకుందో. మూడు చుట్లు, చుట్టుకి నాలుగు ముక్కలు, అప్పుడు నూలు ఎత్తితే పావురం మెడలాంటి నీలం. ఒక్క ముక్క తగ్గినా ఆ రంగు రాదు.

ఈ పిల్ల చేత నీలం పొడి తెప్పిస్తున్నాను. రెండు గుడ్డ పీలికలు ముంచుతాను. ఒకటి నా పాటతో, మూడు చుట్లు. ఇంకోటి మీ కొరత పాటతో, అదీ మూడు చుట్లే. ఆరాక రెండూ కవర్లో పెట్టి పంపుతాను. నీ మనవరాలు వాటిని పక్కపక్కన పెట్టి చూసుకోమను. పాట ఎవరిదో గుడ్డే చెబుతుంది.

నీ అక్క

*

మూడో అంతస్తు,
ఏప్రిల్ 22

అక్కా,

వెంటనే రాస్తున్నాను. రంగులూ బకెట్లూ ఏమీ వద్దు. ఈ వయసులో పొయ్యి దగ్గర నిలబడి వేడినీళ్ళ మీద ఆవిరి పీల్చడం ఏమిటి? నీ వేళ్ళు అసలే పగులుతాయి. ఆ నర్సమ్మాయికైనా చెప్పొద్దా?

పిచ్చుకతో మాట్లాడాను. ఏ రుజువూ అక్కర్లేదు. అట్ట మీద నీ పేరే వేయమన్నాను, ఒక్క నీదే. నాది వద్దని చెప్పాను. సరేనంది. ఇంక నీకు కావలసింది జరిగింది కదా? ఇక్కడితో వదిలేయ్.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఇక్కడ ఎండలు ముదిరాయి. కిటికీకి తడి దుప్పటి కట్టాను.

పీలికలు ముంచకు అక్కా. నా మాట విను.

చెల్లెలు

*

పైవాటా, నా బల్ల దగ్గర,
మే 3

చిన్నమ్మగారికి నమస్కారం. ఇది పెద్దమ్మ చెప్పిన ఉత్తరం కాదు, నర్సుని, నేనే రాస్తున్నాను. మీ ఉత్తరం వచ్చేసరికే రంగు వేసేశారు. పీలికలు తీగ మీద ఆరాక రెండింటినీ చేతిలోకి తీసుకుని చూశారు. అంతే, నాలుగు రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. బీపీ చూశాను, బాగానే ఉంది. నేను చేసిన పొరపాటు ఏదైనా ఉంటే ఇదొక్కటే: గడియారం పట్టుకుని చూసి, "పెద్దమ్మా, మీ మూడు చుట్లూ, వాళ్ళ నాలుగు చుట్లూ సరిగ్గా ఒకే టైము పడుతున్నాయి" అన్నాను. అప్పటినుంచే ఇలా ఉన్నారు. మీకు తెలియాలని రాశాను.

*

మెట్ల కింది గది,
మే 8

చిన్నదానా,

కవర్లో రెండు పీలికలున్నాయి. ముదురుది నా పాట. వెలిసిపోయిన ఆకాశంలా ఉన్నది మీ పాట, మూడు చుట్లది. నేను గెలిచాను. గెలిచి ఏం చేసుకోను?

ఆ వెలిసిన రంగు నేను ఇంతకు ముందు ఒక్కసారే చూశాను. ఎప్పుడో నీకు తెలుసు. అయినా చెబుతాను, ఈ పిల్లకి తెలియదు కదా, రాస్తూ వింటుంది.

నీలం తొట్టికి నేను మేస్త్రీని. నూలు ఎత్తే కర్ర నా చేతిలో ఉండేది. అరవై కట్టల నూలు ముంచాం ఆ రోజు. నా పక్కనే పెట్టిన కొత్త బాయిలరు మోతలో నీ పాట మాటలు నా దాకా వచ్చేవి కావు, చుట్టు చివర నువ్వు వేసే "ఎత్తు" కేక మాత్రం వినపడేది. నేను కేకలు లెక్కపెట్టుకునేదాన్ని. ఒకటి, రెండు, మూడు, ఎత్తించాను. తడి నూలు అంతా ముదురుగానే కనిపిస్తుంది, ఆరాకే బండారం బయటపడుతుంది. మర్నాడు ఆరుబయల్లో అరవై కట్టలూ ఇదిగో ఈ రంగులో ఉన్నాయి. సూపర్‌వైజరు ఒక కట్ట తెచ్చి నా కాళ్ళ మీద విసిరాడు. "నీ చెయ్యి పాడైపోయింది, పో" అన్నాడు. నా కర్ర తీసి నీ చేతికిచ్చాడు. నువ్వు తీసుకున్నావు.

నా లెక్క తప్పిందనుకున్నాను. నా బుర్ర చెడిందనుకున్నాను. నా పాటే నన్ను మోసం చేసిందనుకున్నాను. అందుకే మళ్ళీ ఎత్తలేదు. హాస్టల్లో పాతికేళ్ళు గిన్నెలు తోమాను, చిన్నదానా. తోముతూ కూని రాగం కూడా తియ్యలేదు. పాడితే ఏదో ఒకటి పాడైపోతుందని భయం.

ఇప్పుడు ఈ పిల్ల గడియారం చూసి అంటుంది, నా మూడూ మీ నాలుగూ ఒకటేనని. నాకు అక్షరాలు రావు గానీ ఇది అర్థమవుతుంది. ముక్క పోయిందని నీకు తెలుసు. తెలుసు కాబట్టే, కర్ర నీ చేతికొచ్చాక, చుట్టు ఒకటి కలిపి రంగు సరిచేసుకున్నావు. మరిచిపోయినవాళ్ళు సరిచేసుకోరు.

ఒక్కటే అడుగుతాను. ఆ అరవై కట్టల రోజు నువ్వు నాలుగో ముక్క పాడావా, లేదా?

*

మూడో అంతస్తు, కిటికీ పక్క,
మే 17

అక్కా,

పాడలేదు.

ఈ ఒక్క మాటా రాసి పెన్ను పక్కన పెట్టాను. మళ్ళీ ఇవాళ తీశాను.

ఆ రోజు మీ మరిది తలుపు దగ్గర నిలబడ్డారు. నేను మొదటి చుట్టు ఎత్తాను. గంట మోత దాకా వచ్చాను. ఆ తర్వాతి ముక్కకి షెడ్డులో ఆడవాళ్ళంతా నా వైపు చూసి నవ్వుతారు, రోజూ నవ్వేవాళ్ళు, నీకు తెలుసు. నువ్వు ఆ ముక్క కట్టిన రోజు నేను కూడా నవ్వాను. ఇంటికెళ్ళి ఏడ్చాను. అది నీకు తెలియదు.

నీకు నా గొంతంటే మంట అని రాశావు. మరి నాకో? పాటంతా నీది. నవ్వులు నీవి. "పెద్దదాని బుర్రే బుర్ర" అని అందరూ నిన్నే అనేవాళ్ళు. నేనొక బాకాని. ఎవరు ఊదితే వాళ్ళ పాట. ఆయన ముందు, ఆ ఒక్క రోజు, గాలి మూట అనిపించుకోకూడదనుకున్నాను. మింగేసి "ఎత్తు" అన్నాను. ఆయన నవ్వలేదు, తల ఊపారు. రెండో చుట్టూ మింగాను. మూడోదీ. రంగు సంగతి నాకు గుర్తే రాలేదు అక్కా, నిజం. మర్నాడు నూలు చూశాక గుర్తొచ్చింది.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. కట్ట నీ కాళ్ళ మీద పడినప్పుడు నేను నీ వెనకే ఉన్నాను. నోరు తెరిచాను కూడా. ఆయన చూస్తున్నారు. మూసుకున్నాను. నన్నూ తీసేస్తే ఇద్దరం ఏం తినాలి అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. కర్ర నా చేతికొచ్చినప్పుడు నాకు సంతోషం వేసింది. ఒక్క నిమిషమే, కానీ వేసింది. నలభై ఒక్క ఏళ్ళుగా ఆ నిమిషం నన్ను వదల్లేదు.

నాలుగో చుట్టు నేనే కలిపాను. ఎందుకని ఎవరూ అడగలేదు. మీ మరిదికి కూడా చెప్పలేదు. పిచ్చుకకి నిన్న చెప్పాను. గిటారు పక్కన పెట్టేసింది. వాళ్ళు నలుగురూ అట్ట మార్చడానికి సిద్ధం. నీలం పాటలో నాలుగో ముక్క కూడా తిరిగి పెట్టి మళ్ళీ పాడతారట. పెట్టమన్నాను. నా బుర్ర గాలి మూటేనని ఊరంతా నవ్వనీ.

అచ్చు జూన్ పదిహేనున. ఏం చెయ్యమంటావో చెప్పు. తిట్టినా సరే, తిట్టి చెప్పు.

చెల్లెలు

*

మూడో అంతస్తు,
జూన్ 6

అక్కా, జవాబు లేదు. ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఆ రెండు పీలికలూ కిటికీ చువ్వకి కట్టుకున్నాను. పొద్దున లేచి రోజూ వెలిసినదాన్నే ముందు చూస్తున్నాను.

*

మెట్ల కింది గది,
జూన్ 9

చిన్నదానా,

చాల్లే, ఆ వెలిసిన పీలిక విప్పి అవతల పారెయ్. చువ్వకి కట్టుకుని రోజూ ఏడిస్తే నా పాతికేళ్ళ గిన్నెలు తిరిగొస్తాయా?

నిన్ను క్షమించానని అనుకోకు. ఈ పిల్ల ఆ మాట రాయబోయింది, కొట్టేయించాను. కొట్టివేత కనపడుతోందా? అలాగే ఉంచమన్నాను, నీకు కనపడాలని. సూపర్‌వైజరు కట్ట విసిరింది నా కాళ్ళ మీద. నువ్వు నోరు మూసుకుంది నా వెనక నిలబడి. అది నేను పోయేదాకా ఉంటుంది.

కానీ ఒక సంగతి మూడు వారాలుగా తిరగేస్తున్నాను. ఆ ముక్క నేనెందుకు కట్టాను? పాటకి నాలుగో ముక్క ఏదైనా కట్టొచ్చు. పిల్లి గురించి కట్టొచ్చు, బాయిలరు గురించి కట్టొచ్చు. నీ బుర్ర గురించే ఎందుకు కట్టాను? షెడ్డంతా నీ గొంతు వింటూ నిలబడితే తట్టుకోలేక కట్టాను. నువ్వు నోరు తెరిచిన ప్రతిసారీ నీ నోటితోనే నిన్ను తిట్టించాలని కట్టాను. రోజుకి నలభై సార్లు పాడించాను నీ చేత. ఏడ్చావని రాశావు. ఏడుస్తావని నాకు తెలుసు. ఇంటికెళ్ళి దుప్పట్లో ఏడ్చేదానివి, పక్క పరుపు నాదే కదా. విని, బాగా కుదిరింది ముక్క అనుకుని పడుకునేదాన్ని.

ఇది కూడా రాయి అమ్మా, ఆగకు.

కాబట్టి ఇప్పుడు నా తీర్పు విను. నీ మనవరాలికి అక్షరం పొల్లు పోకుండా చదివి చెప్పు.

ఒకటి. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉండాలి. ముందు నాది. కింద నీది. నీది కాస్త చిన్న అక్షరాలతో. నాకు చదవడం రాకపోయినా ఈ పిల్ల చేత స్కేలు పెట్టి కొలిపిస్తాను.

రెండు. మూడు చుట్లే పాడాలి. నాలుగోది తీసేయాలి.

మూడు. గాలి మూట ముక్క తిరిగి పెట్టొద్దు. అది తీసేశాను. కట్టినదాన్ని నేను, తీసే హక్కు నాది. దాని చోట కొత్తది కట్టాను. నలభై ఒక్క ఏళ్ళ తర్వాత ఇదే మొదటిది, గిన్నె కింద పెట్టి చేతులు తుడుచుకుని కట్టాను. పాతదానికీ దీనికీ కొలత ఒకటే. నమ్మకపోతే చూసుకో, కొత్త ముక్కతో మూడు చుట్లు ముంచిన పీలిక ఈ కవర్లో ఉంది. నేనే పాడాను. నా గొంతుకి ఈ పిల్ల చెవులు మూసుకుంది గానీ, నూలు పారిపోలేదు. పావురం మెడ రంగు. ఆరాకే చెబుతున్నాను.

ఇదీ ఇప్పుడు పాట. షెడ్డంతా వినేలా పాడు:

నీలి తొట్టి నిండిపోయె
మీసమొకటి మునిగిపోయె
చెల్లి గొంతు గంట మోత
అక్కకేమొ కడుపు మంట — ఎత్తు!

నీ అక్క